బిడ్డ కన్ను ఒకచోట నిలువకపోతే



నెల్లికుదురు మండలములో గృహ కూటములకు వెళ్లినప్పుడు తల్లులు బిడ్డ జ్వరము సంగతి వెంటనే చెప్పి ప్రార్థించమంటారు. బిడ్డ కనుగుడ్లు నిలువక అటూ ఇటూ ఊగుతుంటే మాత్రము చెప్పడానికి జంకుతారు. శాపమంటారని భయము. పుట్టు గ్రుడ్డివాని విషయములో, పాపము వానిదీ కాదు, కన్నవారిదీ కాదని ప్రభువే తేల్చివేసెను (యోహాను 9వ అధ్యాయము).

ఇది కన్ను అదరడము కాదు. అదిరేది రెప్ప, దానికి శకునము చూడడము విశ్వాసులకు తగదు. ఇక్కడ ఊగేది గుడ్డు. డాక్టర్లు దీనిని నిస్టాగ్మస్ అంటారు.

చూపు నిలపడము బిడ్డ మొదటి రెండు మూడు నెలలలో తల్లి ముఖము చూచి చూచి నేర్చుకొనును. బొమ్మ స్పష్టముగా అందితేనే మెదడు కన్నును అక్కడ నిలుపగలదు. పుట్టుకతోనే శుక్లము కమ్మితే పట్టుకొనుటకు ఏమీ దొరకక గుడ్డు ఊగుట మొదలుపెట్టును. అప్పుడు శుక్లము తీసినా చూపు పూర్తిగా రాకపోవచ్చును. కనుక మొదటి నెలలలోనే ఆపరేషన్ కావాలి. పత్తి అమ్మిన తరువాత చూద్దామనుకొనవద్దు. కంటిపాప తెల్లగా కనబడితే అది శుక్లమైనా కావచ్చు, లోపల గడ్డయినా కావచ్చు. వెంటనే వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, హైదరాబాదులో సరోజినీదేవి ఆసుపత్రికో, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ సంస్థకో తీసుకొనిపోవలెను.

రెటీనా లోపము, కంటినరము లోపము వల్ల కూడా కళ్లు ఊగును. వీటిలో కొన్ని వంశపారంపర్యము; మేనరికములలో ఎక్కువ. సంబంధాలు చూచేటప్పుడు ఇది తలచుకొనుట మంచిది. 2018లో, 2023లో కంటి వెలుగు శిబిరములలో అద్దాలు పంచారు గాని, ఈ ఊపు అద్దాలతోనే పోయేది కాదు.

పుట్టుకతో కళ్లు ఊగే బిడ్డకు సాధారణముగా లోకము ఊగుతున్నట్టు కనబడదు. పెద్దవారికి అకస్మాత్తుగా మొదలైతే మాత్రము అన్నీ తిరుగుతున్నట్టుండును. అది మెదడు జబ్బు కూడా కావచ్చును, ఆలస్యము చేయరాదు.

బడిలోను, సండేస్కూలులోను ఇటువంటి బిడ్డ తల ప్రక్కకు త్రిప్పి చదువును. పొగరు కాదు, ఆ కోణములో ఊపు తక్కువ. గడ్డము పట్టి నేరుగా త్రిప్పితే అక్షరము చెదరును. గద్దిస్తే భయముతో ఊపు ఇంకా పెరుగును. పుస్తకము ముక్కు దగ్గర పెట్టుకొంటే కళ్లు చెడవు, దగ్గరి చూపులో చాలామందికి ఊపు తగ్గును కూడా. తల కుడికి త్రిప్పే బిడ్డను గదిలో కుడి ప్రక్కన, ముందు వరుసలో కూర్చోబెట్టండి. నల్లబల్ల ఎడమకు పడి, మెడ త్రిప్పే శ్రమ తప్పును.