ఆదివారపు గంట

ఇందూరు నగరమునను బోధను ప్రాంతమునను ఆదివారము ఉదయమున గుడిగంట మ్రోగుచునే యున్నది. జ్ఞానస్నానము పొందిన కతోలికులలో కొందఱు మాత్రము పూజకు పోవుట మానుకొనుచున్నారు. కారణమేమని యడిగినచో పెద్దలు సిద్ధముగా నుంచుకొన్న ప్రత్యుత్తర మొక్కటియే: భక్తి తగ్గినదట! ఈ యుత్తరము చెప్పుటకు సులభము, వినుటకు హితము. ఏలయన నేరమంతయు రానివానిపై పడును, వచ్చినవారు నిర్దోషులగుదురు. మే మీ తీర్పు నంగీకరింపజాలము.

భక్తి సడలి గుడి విడుచువారు లోకమున లేకపోలేదు. అమెరికాలో గాలప్ సంస్థవారు విచారింపగా, 1955లో కతోలికులలో నూటికి 75 మంది గడచిన వారమున గుడికి పోయితిమని చెప్పిరి. 2014-2017 సంవత్సరముల నడుమ ఆ సంఖ్య 39కి దిగినది. కతోలిక మతమును విడిచి మఱి యే మతమునను చేరనివారిని 2009లో ప్యూ పరిశోధన కేంద్రమువా రడుగగా, నూటికి 71 మంది తాము మెల్లమెల్లగా దూరమైతిమనిరి. కలిగిన దేశమున అది చెల్లును. కాని తనంతట దూరమగుట వేఱు, దూరము చేయబడుట వేఱు. మన సీమలో ఈ రెండవదానినే ముందుగా పరిశీలింపవలసి యున్నది.

మొదటి కారణము బ్రతుకుతెరువు. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియైనది. ఆ కాలువల క్రింద సాగు చేయుటకు కృష్ణా, గుంటూరు సీమల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. శక్కర్‌నగరమునకు పలు ప్రాంతముల కార్మికులు చేరిరి. కూలి దొరకుచోట కుటుంబము నిలుచును. కుటుంబములు నిలిచినచోట విచారణ నిలుచును. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. పొగగొట్టము చల్లారినంతనే దాని నీడనున్న బజారును, బడియు, ప్రార్థనాసమాజమును చెదరుట సహజము.

ఈ జిల్లానుండి వేలకొలది జనులు గల్ఫు దేశములకు పోయినారు. సౌదీ అరేబియాలో బహిరంగముగా గుడి యుండుటకే అనుమతి లేదు. శుక్రవారము సెలవుదినమైన కువైటులో ఆనాటి పూజయే ఆదివారపు పూజతో సమానము. ఆ శుక్రవారమైనను యజమాని విడిచిననే గదా! ఏండ్ల తరబడి పూజ లేక బ్రతికినవాడు స్వగ్రామము చేరినపుడు, విచారణలో వానిని పేరుపెట్టి పిలుచువా రుండరు. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రము ఆదివారపు పూజను విధిగా శాసించుచునే, గురువు లేని తావున కుటుంబప్రార్థనను మిక్కిలి మెచ్చుకొన్నది. శాస్త్రము మనుష్యుని కష్టము నెఱుగును. మన నాలుకలే యెఱుగవు.

రెండవ కారణము ఇంతకంటె కఠినము. అది కాగితము. 1950 ఆగస్టు 10వ తేదీ నాటి రాష్ట్రపతి యుత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులములనుండి తొలగించినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెఱవబడినది, క్రైస్తవులకు తెఱవబడలేదు. తెలంగాణమున షెడ్యూల్డు కులములకు నూటికి 15 పాళ్ల రిజర్వేషను కలదు. క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల సీ వర్గమున చేర్చబడిరి. ఆ వర్గపు పాలు నూటికి ఒకటి.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఆమె క్రమము తప్పక గుడికి పోవుచుండుటను ఎత్తిచూపి, ఆమెకు షెడ్యూల్డు కులపు పత్రమును నిరాకరించినది. పాఠకు లీ మాటను నిదానించి చూతురుగాక! గుడికి పోవుటయే సాక్ష్యమైనది. బిడ్డ చదువునకు, కొలువునకు పత్రము కావలసిన తండ్రి ఆదివారము ఇంట కూర్చుండినచో, అతని భక్తిని కొలుచుటకు మనమెవరము? న్యాయస్థానము శాసనమును ఉన్నదున్నట్లు చదివినది. లోపము శాసనమున గలదు. మనుష్యుడు మతము మార్చుకొన్నను ఊరు వాని కులమును మార్చదు. 2007లో రంగనాథ మిశ్రా సంఘము ఈ మతనిబంధనను తీసివేయుమని చెప్పినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మఱియొక సంఘమును నియమించినది. సంఘములు మాఱుచున్నవి, తలుపు మాత్రము మూసియే యున్నది.

మూడవ కారణము గుడి లోపలనే యున్నది. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత విధానమును ప్రకటించి, తమ సమాజమునను అంటరానితనము కలదని ఒప్పుకొన్నది. దేశమందలి కోటి తొంబది లక్షల కతోలికులలో కోటి యిరువది లక్షల మంది దళితులని తానే చెప్పినది. తమిళనాట తిరుచిరాపల్లిలో మృతులనుగూడ కులమునుబట్టి వేఱుచేయు శ్మశానపు గోడ వివాదమైనది. ఒక శుభము లేకపోలేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినలైరి. దళితులలోను, తెలుగువారిలోను ఆ పదవి నందిన మొదటివారు వారే. అయినను శిఖరమున దీపము పెట్టినంతనే పునాదిలోని చీకటి పోదు. పెండ్లి పందిటిలో ప్రక్కన కూర్చుండనీయనివాడు దివ్యసత్ప్రసాదపు బంతిలో సోదరుడనుట ఎవరిని నమ్మించును?

ఇట్లు వెలితిపడినవానికి వీధి చివరనున్న ప్రార్థనామందిరము చేయి చాచుచున్నది. అచట రోగికొఱకు పేరు చెప్పి ప్రార్థింతురు. కూలివాడు నిలిచి తన సాక్ష్యము చెప్పుకొనవచ్చును. అమెరికాలో కతోలిక మతమును విడిచి ప్రొటెస్టంటులైనవారిలోను నూటికి 71 మంది తమ యాత్మ యాకలి తీరలేదనియే చెప్పిరి. 1962-65 నాటి రెండవ వాటికన్ మహాసభ పిమ్మట పూజ లాటిను విడిచి తెలుగున పలికినది. భాష తెలుగైనది, వినువాని బాధ తెలిసినచో గదా ఆ తెలుగునకు సార్థక్యము!

కావున విచారణ గురువులకు మా విన్నపము: రానివానిని ప్రసంగమున మందలించుటకు ముందు వాని యింటికి పోయి గడప దాటుడు. పాలకులకు మా మాట: రాజ్యాంగపు 25వ అధికరణము ఇచ్చిన యంతరాత్మ స్వేచ్ఛకు వెల కట్టకుడు. భూస్వాములగు పాఠకులకు మఱియొక మాట: ఆదివారము ప్రొద్దుట కూలివారిని రెండు గంటలు విడిచినంత మాత్రమున వరినాటు చెడదు, పసుపు మొక్క వాడదు. గుడిలోని కులపు గీతను చూచి నవ్వుకొనువారు తమ యూరి గీతను మొదట చెఱుపుదురుగాక.

రానివానికి భక్తి లేదని నిర్ణయించుటకు ముందు, వచ్చినచో వాడు చెల్లింపవలసిన వెల యెంతయో అడుగుట న్యాయము.