మణికట్టు తిమ్మిరికి హస్తచికిత్స
రాత్రివేళ వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నదని చెప్పేవారిని ఫిజియోథెరపిస్టుగా నేను మొదట అడిగేది, చిటికెనవేలికి కూడా తిమ్మిరి ఉన్నదా అని. లేదంటే నా దృష్టి మణికట్టు మీదికి పోతుంది. ఎనిమిది చిన్న ఎముకల వంపు, దానిపై దృఢమైన పట్టీ, నడుమ ఇరుకైన సొరంగం. తొమ్మిది స్నాయువులతో పాటు అందులో సాగే నరం నలిగితే బొటనవేలి నుండి ఉంగరపువేలి సగం వరకు మొద్దుబారుతుంది. చిటికెనవేలి నరానిది వేరే దారి.

హస్తచికిత్స అంటే నూనె రాసి మర్దించడం కాదు. ఎముకలను మెల్లగా కదిలించి, పట్టీని సాగదీసి, నరం సాఫీగా జారేలా చేస్తాము. స్పెయిన్‌లో 100 మంది స్త్రీలపై జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది తరువాత ఈ చికిత్సకూ శస్త్రచికిత్సకూ ఫలితం దాదాపు సమానంగా కనిపించింది. అయినా బొటనవేలి మొదట కండ క్షీణించినవారిని మాత్రం నేను ఆలస్యం చేయక శస్త్రవైద్యుని వద్దకు పంపుతాను.