కొండెక్కే కంప్యూటర్

డిసెంబర్ నెల అనుకోండి. అరకు కొండల్లో కాఫీ పళ్ళు ఎర్రగా పండాయి. పొద్దెక్కినా మంచు వీడలేదు. ఆడామగా బస్తాలు మోసుకుని దారిపక్క చెట్టు కిందికి వచ్చారు. అక్కడ సంఘం వాళ్ళు కాటా పెట్టారు. సంఘం కుర్రాడు తూకం చూసి, ఒళ్ళో ఉన్న చిన్న కంప్యూటర్‌లో రాస్తున్నాడు. దాన్నే లాప్‌టాప్ అంటారు.

పదకొండు గంటలకు ఎండ వచ్చింది. తెర మీద అక్షరాలు కనిపించడం మానేశాయి. కుర్రాడు తువ్వాలు కప్పుకుని రాశాడు. రెండు గంటలకు తెర మొత్తం నల్లబడింది. బ్యాటరీ అయిపోయింది. ఇంకా సగం మంది బస్తాలు మిగిలే ఉన్నాయి.

ఒక ముసలి రైతు దగ్గరికి వచ్చాడు. "బాబూ, నా తూకం ఆ పెట్టిలో ఉందా? పోయిందేటి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న చిన్నది కాదు. తూకం పోతే డబ్బు పోతుంది. ఏడాది కష్టం పోతుంది.

లెక్క ఎవరి చేతిలో ఉంది?

పూర్వం కొండ మీద పంటకు లెక్క రాసేది షావుకారు. తూకం ఆయనదే, పుస్తకం ఆయనదే. గిరిజనుడిది వేలిముద్ర మాత్రమే. ఎంత రాశాడో, ఎంత కొట్టేశాడో తెలిసేది కాదు. ఈ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనం జీసీసీ అంటాం.

తర్వాత కొండల్లో కాఫీ తోటలు పెరిగాయి. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుతోపాటు లెక్కలూ పెరిగాయి. ఏ రైతు, ఎన్ని కిలోలు, ఏ బ్యాంకు ఖాతా? అన్నీ రాయాలి. అందుకే సంఘాల వాళ్ళు, ఉద్యోగులు లాప్‌టాప్ పట్టుకుని కొండెక్కుతున్నారు. ఇప్పుడు లెక్క మన వాళ్ళ చేతిలోకి వచ్చింది. ఆ లెక్క నిలబడాలంటే పనిముట్టు మంచిది కావాలి.

ఆఫీసులో ఒకటి, కొండ మీద ఒకటి

ఆఫీసులో బల్ల ఉంటుంది. గోడకు ప్లగ్గు ఉంటుంది. నెత్తిన కప్పు ఉంటుంది. అక్కడ ఏ కంప్యూటర్ అయినా పనిచేస్తుంది. బయట ఇవేవీ ఉండవు. పొలానికి గొడ్డలి, వంటింటికి కత్తిపీట. పనిని బట్టే పనిముట్టు.

1981లో ఆస్బోర్న్ అనే కంప్యూటర్ వచ్చింది. చేత్తో మోసుకెళ్ళే కంప్యూటర్ అని దాన్ని అమ్మారు. దాని బరువు దాదాపు 11 కిలోలు! అందులో బ్యాటరీ కూడా లేదు. ఇప్పుడు కిలోన్నర లోపు బరువుతో మంచివి దొరుకుతున్నాయి. గెడ్డలు దాటి నడిచే వాళ్ళకు బరువు ముఖ్యమే. అయితే బరువొక్కటే చూస్తే చాలదు.

బ్యాటరీ: కుండా, గ్లాసూ

బ్యాటరీని నీళ్ళ కుండ అనుకోండి. కుండ ఎంత పెద్దదో చెప్పే కొలతను వాట్ అవర్ అంటారు. కంప్యూటర్ గంటకు ఎంత తాగుతుందో చెప్పేది వాట్.

లెక్క వేద్దాం. కుండ 50 వాట్ అవర్లు. కంప్యూటర్ తాగేది 10 వాట్లు. 50ని 10తో భాగిస్తే 5. అంటే ఐదు గంటలు వస్తుంది.

ఇంకొకటి చూద్దాం. కుండ 70 వాట్ అవర్లు. తాగేది 20 వాట్లు. 70ని 20తో భాగిస్తే మూడున్నర గంటలే! కుండ పెద్దదని మురిసిపోతే మోసపోతాం. ఆటలు ఆడేందుకు చేసిన పెద్ద లాప్‌టాప్‌లు ఇలా ఎక్కువ తాగుతాయి.

డబ్బా మీద పది గంటలని రాస్తారు. అది తెర వెలుగు తగ్గించి చూసిన లెక్క. ఎండలో వెలుగు పెంచాలి కాబట్టి ఆరు గంటలే అనుకుని బయలుదేరడం మేలు. కొత్త ఫోన్లకు ఉండే టైప్ సి వైరుతో ఛార్జి ఎక్కే లాప్‌టాప్ అయితే, లాప్‌టాప్‌కు సరిపడే పెద్ద పవర్ బ్యాంకు వెంట తీసుకుపోవచ్చు. ఫోనుకు వాడే చిన్నది చాలదు.

తెర: గడప దాటించి చూడండి

తెర వెలుగును నిట్ అనే కొలతతో చెబుతారు. గదిలో పనికి 250 నిట్లు చాలు. ఆరుబయట పనికి 400, అంతకు మించి ఉంటే మంచిది. తెర అద్దంలా మెరవకూడదు. మెరిస్తే మన ముఖమే కనబడుతుంది. కొనేముందు లాప్‌టాప్‌ను దుకాణం గడప దాటించి, ఎండలో పెట్టి చూపించమని అడగండి. అడగడానికి సిగ్గు వద్దు. డబ్బు మనది.

కుదుపు, వాన, మంచు

పాత కంప్యూటర్లలో లెక్కలు దాచేది హార్డ్ డిస్కు. అందులో పళ్ళెం లాంటిది గిరగిరా తిరుగుతుంది. అది తిరుగుతుండగా జీపు గోతిలో పడితే దెబ్బతినవచ్చు. ఎస్ఎస్‌డీ అనే రకంలో తిరిగే భాగాలు లేవు. కొండ దారికి అదే కొనాలి.

కొన్నిటి మీద ఐపీ 53, ఐపీ 65 అని రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండో అంకె నీటికి. అంకె పెద్దదైతే కాపుదల ఎక్కువ. అలాంటి గట్టివాటికి ఖరీదు, బరువు కూడా ఎక్కువే. రోజూ వానలో పని లేని సంఘానికి మామూలుది కొని, నీరు దూరని సంచి కొంటే సరిపోతుంది. మూడు నెలలు తడిసే ఉద్యోగికి గట్టిదే నయం.

ఇంకో సంగతి. చలిలో తిరిగి వచ్చిన లాప్‌టాప్‌ను వెంటనే పొయ్యి దగ్గర పెట్టకూడదు. చల్లటి చెంబు మీద నీటి చుక్కలు పడతాయి కదా! అలాగే కంప్యూటర్ లోపలా చెమ్మ పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి, తర్వాత తెరవాలి.

సిగ్నల్ లేని చోట

చాలా ఊళ్ళలో సిగ్నల్ అందదు. కాబట్టి సిగ్నల్ లేకుండానే లెక్క రాసుకుని, మండలం చేరాక పంపే ఏర్పాటు ఉండాలి. లేకపోతే లక్ష రూపాయల లాప్‌టాప్ అయినా పలకతో సమానం. జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, 8 జీబీ ఉంటే ఈ పనికి చాలు. తెలుగులో రాయడం నేర్చుకోండి. రైతుకు ఇచ్చే చీటీ రైతు చదవగలగాలి.

చెడిపోతే ఎవరు దిక్కు?

అరకు నుంచి విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైనే. బాగుచేయించడానికి రెండుసార్లు ఘాటీ దిగి ఎక్కితే రెండు రోజుల కూలి పోతుంది. అందుకే మనిషి వచ్చి బాగుచేసే వారంటీ ఉందా, అది మన పిన్‌కోడుకు వర్తిస్తుందా అని ముందే అడగాలి. బిల్లు తప్పకుండా తీసుకోవాలి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

పాతది చవగ్గా వస్తుందంటే ఆగి చూడండి. బ్యాటరీ ఎంత మిగిలిందో అడగండి. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లో రైతుల బ్యాంకు ఖాతాలు దాచడం మంచిది కాదు.

నోటుబుక్కు పారేయకండి

ఎంత మంచిది కొన్నా యంత్రం యంత్రమే. తూకం కాగానే రైతుకు చీటీ ఇవ్వాలి. నోటుబుక్కులో కూడా రాయాలి. సాయంత్రం లెక్కను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వేరే చోట దాచాలి. లాప్‌టాప్‌కు తాళం మాట, అంటే పాస్‌వర్డ్ పెట్టాలి.

అప్పుడు ఆ ముసలి రైతు అడగనక్కర్లేదు. ఆయన తూకం ఆయన చేతిలోనే ఉంటుంది. చీటీ విప్పి, తన పేరు, తన కిలోలు తానే చదువుకుంటాడు.

లెక్క చేయండి: ఒక లాప్‌టాప్ బ్యాటరీ 60 వాట్ అవర్లు. అది తాగేది 12 వాట్లు. ఎన్ని గంటలు పనిచేస్తుంది?

చర్చించండి: మీ సంఘం లెక్కలు ఎక్కడ ఉన్నాయి? ఎవరు రాస్తున్నారు? మీరు ఎప్పుడైనా చదివి చూశారా?