అజెండాలో ఒక్క పంక్తి, పట్టణంపై ఏళ్ల ప్రభావం: పురపాలక కౌన్సిల్ నిర్ణయాలు ఎలా జరుగుతాయి?

పురపాలక సంఘం సాధారణ సమావేశం గురించిన వార్త చాలా సందర్భాల్లో రెండు మూడు వాక్యాలతో ముగుస్తుంది. అజెండాలోని అంశాలను సభ్యులు ఆమోదించారని, తాగునీరు, పారిశుద్ధ్యంపై కొందరు కౌన్సిలర్లు అధికారులను నిలదీశారని అందులో ఉంటుంది. మరుసటి రోజుకు ఆ వార్తను ఎవరూ గుర్తుంచుకోరు. అయితే ఏ వీధిలో మురుగుకాలువ కట్టాలి, ఏ వీధి మరో ఏడాది ఆగాలి, ఇంటి పన్ను ఏ రేటున ఉండాలి, సంతలో కూరగాయల గంప దించినందుకు ఎంత వసూలు చేయాలి అన్న విషయాలు తేలేది ఆ అజెండాలోనే. ఇటువంటి నిర్ణయాలు ఎక్కడ పుడతాయి, ఎవరి చేతుల మీదుగా సాగుతాయి, పౌరుడి మాటకు ఏ దశలో చోటుంది అన్నది ఈ కథనంలో పరిశీలిద్దాం.

రాజ్యాంగం కల్పించిన స్థానం

తెలుగు నేలపై పురపాలనకు సుదీర్ఘ చరిత్ర ఉంది. భీమునిపట్నం పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది. ఎన్నికైన సభ్యులకు స్థానిక పాలనలో ప్రాధాన్యం ఉండాలన్న లార్డ్ రిప్పన్ తీర్మానం 1882 నాటిది. అయినప్పటికీ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా లభించడానికి మరో శతాబ్దానికి పైగా పట్టింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఐదేళ్ల పదవీకాలం, రాష్ట్ర ఎన్నికల సంఘం ద్వారా ఎన్నికలు, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు, రాష్ట్ర ఆర్థిక సంఘం ఏర్పాటు ఈ సవరణ ద్వారానే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు మహిళలకు సగం స్థానాలు కేటాయించాయి.

పట్టణ ప్రణాళిక, రహదారులు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, కబేళాలు సహా 18 అంశాలను 12వ షెడ్యూలు పేర్కొంటుంది. కానీ ఆ షెడ్యూలులో ఉన్నంత మాత్రాన అధికారం పురపాలక సంఘానికి దానంతట అదే రాదు. ఏ అంశాన్ని ఎంతవరకు బదిలీ చేయాలన్నది రాష్ట్ర శాసనసభ చేసే చట్టంపై ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం, తెలంగాణలో 2019 నాటి పురపాలక సంఘాల చట్టం ఇందుకు ఆధారం.

అజెండా ఎలా తయారవుతుంది?

ఒక వార్డులో మురుగుకాలువ శిథిలమైందనుకుందాం. కాలనీవాసుల వినతి కౌన్సిలర్‌కో, కమిషనర్‌కో చేరుతుంది. ఇంజనీరింగ్ విభాగం కొలతలు తీసి అంచనా వేస్తుంది. ఏ పద్దు నుంచి ఖర్చు చేయవచ్చో లెక్కల విభాగం చెబుతుంది. ఆ తరువాత అది ఒక నోట్‌గా మారి, అంశం సంఖ్యతో అజెండాలోకి ఎక్కుతుంది. పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం, రెవెన్యూ విభాగాల ప్రతిపాదనలు కూడా ఇదే తోవలో వస్తాయి. ఏ అంశం ఈ నెల వస్తుంది, ఏది వచ్చే నెలకు మిగులుతుంది అన్నది ఈ దశలోనే తేలిపోతుంది. సమావేశం రోజున గట్టిగా మాట్లాడిన సభ్యుడి కన్నా, అంచనా తయారయ్యేవరకు ఫైలు వెంట తిరిగిన సభ్యుడు తన వార్డుకు ఎక్కువ పనులు సాధించడానికి కారణం ఇదే.

సాధారణ సమావేశం నెలకొకసారి జరగాలి. అజెండాను కొన్ని రోజుల ముందుగానే సభ్యులకు అందజేయాలి. అత్యవసరమైతే తక్కువ వ్యవధిలోనూ సమావేశం పెట్టవచ్చు. నిర్ణీత సంఖ్యలో సభ్యులు హాజరుకాకపోతే, అంటే కోరం లేకపోతే, సమావేశం వాయిదా పడుతుంది. సమావేశానికి ఛైర్‌పర్సన్ అధ్యక్షత వహిస్తారు. ఎన్నికైన కౌన్సిలర్లతో పాటు కో-ఆప్షన్ సభ్యులు, ఎక్స్ అఫీషియో హోదాలో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పాల్గొంటారు.

ఆమోదం వేరు, ధ్రువీకరణ వేరు

అజెండాలోని అంశాలన్నీ ఒకే రకానికి చెందవు. వాటిని స్థూలంగా మూడుగా విభజించవచ్చు. కొత్త పనికి, కొత్త ఖర్చుకు అనుమతి కోరేవి మొదటి రకం. సభ్యుల దృష్టికి తెచ్చే ప్రభుత్వ ఉత్తర్వులు, పత్రాలు రెండో రకం. ఇక మూడో రకం ధ్రువీకరణ కోరేవి. వాడుకలో దీన్నే రాటిఫికేషన్ అంటారు. పని ఇప్పటికే జరిగిపోయి ఉంటుంది. కౌన్సిల్ ఆ తరువాత ముద్ర వేస్తుంది.

తాగునీటి పైపు పగిలినప్పుడు సమావేశం కోసం ఎదురుచూడటం సాధ్యం కాదు. వరద వచ్చినప్పుడు మోటార్లు అద్దెకు తేవడానికి తీర్మానం కోసం ఆగలేరు. అందువల్ల ముందుగా పని, తరువాత ధ్రువీకరణ అన్న వెసులుబాటు అవసరమే. కానీ అత్యవసరం కాని కొనుగోళ్లు కూడా ఈ దారిలో వస్తుంటే కౌన్సిల్ చర్చకు అర్థం లేకుండా పోతుంది. డబ్బు ఖర్చయ్యాక సభ్యుడు వ్యతిరేకించినా దాని ప్రభావం పరిమితమే. సమావేశం మొదలయ్యాక సభ్యుల చేతికి వచ్చే టేబుల్ అజెండాకు కూడా ఇదే వర్తిస్తుంది. అందులోని అంచనాలను చదివేందుకు ఎవరికీ సమయం ఉండదు. ఒక పురపాలక సంఘం పనితీరును అంచనా వేయదలచినవారు మొత్తం ఎన్ని అంశాలకు ఆమోదం లభించింది అని కాక, వాటిలో ధ్రువీకరణలు ఎన్ని, టేబుల్ అజెండా అంశాలు ఎన్ని అని చూడటం ఎక్కువ ఉపయోగకరం.

అంశంతో విభేదించే సభ్యులు తమ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయించుకోవచ్చు. సభలో చేసిన ప్రసంగం గాలిలో కలిసిపోతుంది. మినిట్స్‌లో నమోదైన అసమ్మతి మాత్రం తరువాత ఆడిట్‌కు, విచారణకు, న్యాయస్థానానికి ఆధారంగా నిలుస్తుంది.

సంత, ఆశీలు, వీధి వ్యాపారి

ఏటా తప్పనిసరిగా అజెండాలోకి వచ్చే అంశాల్లో ఒకటి ఆశీలు వేలం. తెలంగాణలో దీన్ని తైబజారు అంటారు. రోజువారీ మార్కెట్, వారపు సంత, బస్టాండు పరిసరాల్లో రుసుము వసూలు చేసే హక్కును వేలంలో పాడుకున్న గుత్తేదారు ఏడాది పాటు చిరు వ్యాపారుల నుంచి సొమ్ము వసూలు చేస్తారు. కౌన్సిల్ పత్రంలో ఇది ఆదాయ పద్దు. ఆకుకూరలు అమ్ముకునే మహిళకు మాత్రం అది రోజూ చేజారే కూలి. వేలం పాట పెరిగితే పురపాలక ఖజానాకు మేలు. అయితే నిర్ణీత రేట్ల పట్టికను మార్కెట్‌లో అందరికీ కనిపించేలా ప్రదర్శించకపోతే, పెరిగిన పాట భారం చివరకు గంప మీదకే చేరుతుంది.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో కొంత రక్షణ కల్పించింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలని, వారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. కనీసం ఐదేళ్లకొకసారి సర్వే జరపాలి. సర్వే పూర్తయ్యేవరకు ఉన్న వ్యాపారులను ఖాళీ చేయించరాదు. రోడ్డు విస్తరణ, ఆక్రమణల తొలగింపు వంటి అంశాలు అజెండాలోకి వచ్చినప్పుడు ఈ కమిటీ అభిప్రాయం తీసుకున్నారా లేదా అన్నది సభ్యులు అడగవలసిన మొదటి ప్రశ్న.

పన్ను రేటు: చిన్న అంకె, పెద్ద తేడా

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు. నివాస భవనాలకు 0.10 శాతం నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 శాతం నుంచి 2 శాతం వరకు చట్టం పరిధి నిర్ణయించింది. ఆ పరిధిలో రేటును ఖరారు చేసేది స్థానిక సంస్థ.

ఉదాహరణకు ఒక ఇంటి మూలధన విలువ 20 లక్షల రూపాయలు అనుకుందాం. 0.10 శాతం రేటున ఏడాదికి 2,000 రూపాయలు, 0.50 శాతం రేటున 10,000 రూపాయలు పన్ను పడుతుంది. పాత పన్నుపై ఏటా 15 శాతానికి మించి పెంచరాదన్న పరిమితి ఉంది. గతంలో 1,000 రూపాయలు చెల్లించిన వ్యక్తికి తొలి ఏడాది గరిష్ఠంగా 1,150 రూపాయలే పడుతుంది. అయితే కొత్త లెక్కకు చేరేవరకు ఆ పెరుగుదల ఏటా కొనసాగుతుంది. ముసాయిదా రేట్లపై అభ్యంతరాలు తెలిపేందుకు ఇచ్చే గడువు ఎందుకు విలువైనదో ఈ లెక్కే చెబుతుంది. గడువు దాటాక డిమాండ్ నోటీసు పట్టుకుని కార్యాలయానికి వెళ్లినా, కొలతల్లో పొరపాటు ఉంటే సరిదిద్దుతారు తప్ప రేటు మారదు.

తెలంగాణ చట్టం ప్రకారం 75 చదరపు గజాల వరకు స్థలంలో కట్టుకునే చిన్న ఇంటికి అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. వారికి ఏడాది ఆస్తి పన్ను 100 రూపాయలు. పేద కుటుంబానికి ఇది ఊరట. ఆ మేరకు తగ్గే ఆదాయాన్ని పురపాలక సంఘం వేరే మార్గంలో సమకూర్చుకోవలసి ఉంటుంది.

నిధులున్నా స్వేచ్ఛ తక్కువ

దేశంలో పురపాలక సంస్థల ఆదాయ వ్యయాలు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు ఒక శాతం దగ్గరే దశాబ్దానికి పైగా నిలిచిపోయాయని భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో విడుదల చేసిన నివేదిక పేర్కొంది. బ్రెజిల్‌లో ఇది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం అని అదే నివేదిక పోల్చి చూపింది.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు వచ్చే వాటాలో 60 శాతాన్ని తాగునీరు, ఘన వ్యర్థాల నిర్వహణకే వినియోగించాలని నిర్దేశించింది. ఆడిట్ చేసిన లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచడం, ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రకటించి వసూళ్లు పెంచడం నిధుల విడుదలకు షరతులు. జీతాలు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, విద్యుత్ బిల్లులు పోగా కౌన్సిల్ తన ఇష్టప్రకారం ఖర్చు చేయగలిగేది కొద్ది మొత్తమే. అందువల్ల ఒక వార్డులో సిమెంటు రోడ్డు వేయాలన్న నిర్ణయం మరో వార్డులో వేయకూడదన్న నిర్ణయం కూడా అవుతుంది. బడ్జెట్ సమావేశంలో వినిపించే వాగ్వాదానికి అసలు కారణం అదే.

తుది మాట ఎవరిది?

తీర్మానం చేసేది కౌన్సిల్, అమలు చేసేది కమిషనర్. కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వ అధికారి. తీర్మానం చట్టానికి విరుద్ధమని భావిస్తే ప్రభుత్వం దాన్ని నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. తెలంగాణలో జిల్లా కలెక్టర్లకు విస్తృత పర్యవేక్షణ అధికారాలు ఉన్నాయి. ఈ అంచెలు అక్రమాలకు అడ్డుకట్ట వేయగలవు. అదే సమయంలో బాధ్యతను మసకబరుస్తాయి కూడా. కాలువ పని ఆగిందంటే తీర్మానం కాలేదా, నిధులు రాలేదా, టెండరుకు ఎవరూ ముందుకు రాలేదా అన్నది పట్టణవాసికి తెలియదు. కనుక పని ఎప్పుడవుతుందని అడగడం కన్నా, తీర్మానం సంఖ్య, తేదీ, నిధుల పద్దు అడగడం మేలు. ఆ మూడూ తెలిస్తే ఫైలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

కౌన్సిల్ లేని కాలంలో

కౌన్సిల్ పదవీకాలం ముగిసేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం నిర్దేశించింది. ఆచరణ వేరుగా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010లో ముగిసింది. తదుపరి పోలింగ్ 2014 మార్చి 30న జరిగింది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులైలో గడువు ముగియగా, కొవిడ్ కారణంగా మధ్యలో నిలిచిన ప్రక్రియ పూర్తయి 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. పెద్ద నగరాలూ ఇందుకు మినహాయింపు కావు. ముంబయి మహానగర పాలక సంస్థ గడువు 2022 మార్చిలో ముగిస్తే ఎన్నికలు 2026 జనవరిలో జరిగాయి.

ఈ వ్యవధుల్లో ప్రత్యేకాధికారే కౌన్సిల్ అధికారాలను వినియోగిస్తారు. వీధి దీపాలు వెలుగుతాయి, చెత్త బండ్లు తిరుగుతాయి, బిల్లులు చెల్లింపవుతాయి. కొన్నిచోట్ల పనులు వేగంగానూ సాగవచ్చు. కానీ ప్రతిపాదించే అధికార యంత్రాంగమే ఆమోదించే అధికారం కూడా కలిగి ఉంటుంది. అసమ్మతి నమోదు చేసే సభ్యుడు ఉండడు. నెలనెలా సమాధానం చెప్పవలసిన సభ ఉండదు. స్థానిక ఎన్నికలను వాయిదా వేస్తూ పోవడం తగదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో మధ్యప్రదేశ్‌కు సంబంధించిన సురేష్ మహాజన్ కేసులో స్పష్టం చేసింది.

పౌరుడి చేతిలో ఉన్నవి

మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లోనే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది. అంటే చిన్న పట్టణవాసికి ఆ వేదిక హామీ లేదు. తెలంగాణ చట్టం మాత్రం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలకు చోటు కల్పించింది. కమిటీ ఉన్నా లేకున్నా 2005 నాటి సమాచార హక్కు చట్టం అందరికీ వర్తిస్తుంది. కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు ప్రజలను అనుమతిస్తారా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్న వివరాలను ఆ చట్టంలోని 4వ సెక్షన్ కింద కార్యాలయమే స్వయంగా ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు చేసి 30 రోజుల్లో సమాధానం పొందవచ్చు.

పట్టణవాసి నెలకొకసారి ఇంత మాత్రం తెలుసుకోగలిగితే చాలు: సమావేశం ఎప్పుడు, తన వార్డుకు సంబంధించిన అంశం ఏది, తన కౌన్సిలర్ దానిపై ఏమన్నారు. సమావేశానికి ముందు అడిగిన ప్రశ్న అంచనాను మార్చగలదు. సమావేశం ముగిశాక అడిగిన ప్రశ్నకు చాలా సందర్భాల్లో తీర్మానం నకలు ఒక్కటే సమాధానంగా మిగులుతుంది.