మాడిన వడ్లగింజ వయసెంత?

కృష్ణా జిల్లా పెదపారుపూడి వాళ్లకు గుడివాడ పక్కనే. అక్కణ్నుంచి దక్షిణంగా వెళితే ఘంటసాల, కృష్ణ దాటితే భట్టిప్రోలు. గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు మూడుచోట్లా బౌద్ధ స్తూపాల దిబ్బలున్నాయి. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో బయటపెట్టిన రాతి ధాతుకరండాల (ధాతువులుంచిన పెట్టెల) మీద అక్షరాలున్నాయి. లిపిని బట్టి అవి క్రీ.పూ. 3–2 శతాబ్దాలవని పండితుల అంచనా. రాయికి కార్బన్ పరీక్ష పనికిరాదు. స్తూపం కట్టించుకోగలిగిన ఊళ్లు ఎప్పుడు ఎదిగాయో తేల్చాలంటే పక్కన జనం వండుకున్న పొయ్యిల బూడిదలో వెతకాలి.

అక్కడ మాడిన వడ్లగింజ దొరికితే అదృష్టమే. వరి బతికున్నంతకాలం గాలిలోంచి కార్బన్-14 తీసుకుంటుంది. కోతతో అది ఆగుతుంది, ఉన్నది తరగడం మొదలవుతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఆ లెక్కన 2,300 ఏళ్ల నాటి గింజలో సుమారు 76 శాతం మిగలాలి. కొలతలో ఒక్క శాతం తేడా వస్తే వయసు 80 ఏళ్లకు పైగా, అంటే మూడు తరాలు అటూ ఇటూ అవుతుంది. పాత పద్ధతికి గ్రాములకొద్దీ బొగ్గు కావాలి. ఇప్పటి యాక్సిలరేటర్ యంత్రానికి ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. దూలం బొగ్గుకన్నా గింజే నమ్మదగ్గది: మాను నడిమి చేవ ఇల్లు కట్టడానికి వందేళ్ల ముందుది కావచ్చు, గింజ మాత్రం ఆ ఏటి పంటే.

అసలు చిక్కు వేరు. గాలిలో కార్బన్-14 పాళ్లు ఎప్పుడూ ఒకలా లేవు. చెట్టు వలయాలతో సరిచూసుకున్నప్పుడు, పరీక్షలో 2,450±30 ఏళ్లని వచ్చిన గింజ క్రీ.పూ. 750–410 మధ్య ఎప్పటిదైనా కావచ్చు. 2,200±30 ఏళ్లన్నది సుమారు క్రీ.పూ. 370–170 మధ్య పడుతుంది, అశోకుడికి (క్రీ.పూ. 268–232) ముందో వెనకో చెప్పలేం. రాక్షసగుళ్ల (పెద్దరాళ్ల సమాధుల) కాలం నుంచి స్తూపాల కాలానికి ఆంధ్రదేశం మళ్లింది సరిగ్గా ఈ శతాబ్దాల్లోనే. అందుకే ఒక్క తేదీ పట్టుకుని మా ఊరే ప్రాచీనమనే వాదాన్ని నేను ఒప్పుకోను. వరసగా ఉన్న పొరల్లోంచి గింజలు ఏరి, కింది పొర ముందుదన్న సంగతినీ లెక్కలో కలిపితే ఆ వ్యవధి బాగా తగ్గుతుంది.

సముద్రం ఒడ్డు దివిసీమ దిక్కున దొరికే చిప్పలతో ఇంకో జాగ్రత్త. సముద్రపు నీటిలో పాత కార్బన్ ఉంటుంది కాబట్టి చిప్ప సుమారు 400 ఏళ్లు ఎక్కువ వయసు చూపిస్తుంది. 2వ శతాబ్దంలో టాలెమీ కంటకోస్సిల అని రాసిన వర్తకపు రేవు మన ఘంటసాలే. అక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడున్నాడు. ఇప్పుడక్కడ సముద్రం కనబడదు. తీరం ఎప్పుడు జరిగిందో చిప్పలతో లెక్కగట్టేవాళ్లు ఆ 400 ఏళ్లు తీసెయ్యకపోతే రేవు కథే తారుమారు.

వీటన్నిటికీ పొర చెదరకుండా ఉండాలి. దిబ్బమట్టి ట్రాక్టర్లకెత్తి మెరక తోలుకుంటే గింజలు పొలంలో కలుస్తాయి. అదే మట్టిని ఏ లోతుదో రాసుకుని నీళ్లలో కలిపితే, మాడిన గింజలు పైకి తేలతాయి.