నా ఓటు ఎవరో వేసేశారు

అబూ హలీఫా (కువైట్): 2024 మే 10, శుక్రవారం. ఇంటికెళ్లే హడావుడిలో పెట్టె సర్దుకుంటుంటే, రూంలో టీవీలో అమీర్ ప్రసంగం. పార్లమెంటు రద్దు, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలు నాలుగేళ్లకు మించకుండా నిలిపివేత. ఇక్కడి రాజకీయాలతో మనకు పనిలేదనుకోండి. మూడో రోజే, మే 13న, రాజంపేట దగ్గర మా పల్లెలో పోలింగ్.

గంటసేపు ఎండలో నిలబడి లోపలికి పోతే, ‘మీ ఓటు పొద్దున్నే పడిపోయిందండీ’ అన్నాడు ఆఫీసరు. రిజిస్టర్‌లో నా పేరు మీద ఎవరిదో సంతకం! గట్టిగా అడిగితే టెండర్ ఓటు ఇచ్చారు. వేసిన కాయితాన్ని వేరే కవర్లో పెడతారు, మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పే హక్కు ఏజెంట్లకు ఉంది. అక్కడున్న ఏజెంట్లందరికీ నేను తెలుసు. పొద్దున వచ్చినవాడు నేను కాదనీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. గల్ఫ్‌లో ఉన్నోళ్ల పేర్లంటేనే వీళ్లకు లోకువ. వచ్చేదెవరు, అడిగేదెవరు?

తిరిగొచ్చాక సైట్ దగ్గర ఒక కువైటీ పెద్దాయనతో మాట కలిస్తే 1967 సంగతి చెప్పాడు. ఈ దేశంలో మొదటి పార్లమెంటు ఎన్నికలు 1963లో. రెండోసారికే, 1967లో, ఫలితాలు తారుమారు చేశారని గోల. గెలిచినవాళ్లలోనే కొందరు నిరసనగా రాజీనామా చేశారు. 1976లో సభ మూతపడింది, 1981లో తెరిచారు. 1986లో మళ్లీ మూత, 1992లో మళ్లీ తెరుపు. అన్నిటికీ 1967 ఒక్కటే కారణమంటే అతి అవుతుంది. కానీ నాలుగేళ్ల పసిబిడ్డ లాంటి సభ మీద జనానికి అప్పుడే నమ్మకం సడలింది. సభ మూసినప్పుడు అడ్డుపడాలని ఎంతమందికి అనిపిస్తుంది?

1981లో పది నియోజకవర్గాలను పాతిక చేశారు. నియోజకవర్గం చిన్నదైతే కొన్ని వందల ఓట్లు కొన్నా చాలు. జనం రోడ్డెక్కి పోరాడితే 2006లో వాటిని అయిదుకు తగ్గించారు. మన అబూ హలీఫా అయిదో దాంట్లో పడింది.

2011 నుంచి మనకు ప్రవాసీ ఓటు ఉంది. ఫారం 6ఏ నింపితే చాలు, పాస్‌పోర్టు చూపించి ఊళ్లోనే ఓటు వేయొచ్చు. నేను బద్ధకించాను. ఈసారి కాపీలు తీసిపెట్టి రూంలో అందరికీ చెప్పాను. కడప తమ్ముడొకడు మంచం మీంచి లేవకుండానే, ‘మనం వేసినా, ఇంకెవడో వేసినా ఒకటే కదన్నా’ అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.