గుండ్రటి కళ్ళు

మా తమ్ముడి దగ్గర రెండు బొమ్మకార్లు ఉన్నాయి. రెండింటి అడుగునా 911 అనే ఉంటుంది. ఒకదానికి ముందు దీపాలు కప్పకళ్ళలా గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. రెండోదాని దీపాలు కిందికి జారి, పక్కన నారింజరంగు మరక అంటుకున్నట్టు ఉంటాయి. ఈ రెండోదాన్ని వాడు ఎప్పుడూ పందెంలో పెట్టడు. "అక్కా, అది అసలుది కాదు" అంటాడు. పేరు ఒకటే కదరా అంటే, "పేరు ఒకటే, కారు అది కాదు" అన్నాడు. తొమ్మిదేళ్ళవాడికి ఇంత పట్టుదల ఎక్కడిదా అని చదవబోతే, పాతికేళ్ళకు పైగా పెద్దపెద్దవాళ్ళు కూడా ఇదే మాట మీద తగవులాడుకుంటున్నారని తెలిసింది. నాకు కారు నడపడం రాదు. ఆ తగవు మాత్రం భలే నచ్చింది.

పోర్షా అనేది జర్మనీ కంపెనీ. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో వాళ్ళు 901 అనే కారు చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీ అడ్డుచెప్పింది. దాంతో సున్నా తీసి ఒకటి పెట్టారు, 911 అయింది. రూపం గీసినవాడు కంపెనీ స్థాపకుడి మనవడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షా. వెనక్కి వాలిపోయే పైకప్పు, రెండు గుండ్రటి దీపాలు, వెనక చక్రాలకన్నా ఇంకా వెనక ఇంజను. ఆ ఇంజనుకి నీళ్ళు అక్కర్లేదు. మన మోటారు సైకిలు ఇంజను చుట్టూ రెక్కల్లాంటి లోహపు పలకలు ఉంటాయి చూడండి, గాలి తగిలి వేడి దిగిపోవడానికి. దీనిదీ ఆ పద్ధతే, పైన ఒక పెద్ద ఫ్యాను అదనం. లోపల తిరిగే ఇంజనాయిలు కూడా కొంత వేడిని మోసుకుపోతుంది. ఆ ఫ్యాను ఈల, లోహం గలగల కలిసి ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటే చాలు, కారు కనబడకముందే పేరు చెప్పేసేవాళ్ళట.

కంపెనీవాళ్ళే ఒకసారి ఈ కారును ఆపేద్దామనుకున్నారు. 1977లో 928 అనే కొత్త కారు తెచ్చారు. ఇంజను ముందు, చల్లబరచడానికి నీళ్ళు, ఎనిమిది సిలిండర్లు. అన్నివిధాలా బుద్ధిమంతురాలు, 1978లో యూరప్ మేటి కారుగా బహుమతి కూడా కొట్టేసింది. అయినా జనం పాతదాన్నే కొంటూ పోయారు. 1981లో కంపెనీ పగ్గాలు పట్టిన పీటర్ షుట్జ్ ఒక సంగతి చెప్పేవాడు. ఒక ఇంజనీరు గదిలో గోడ మీద ఏ కారు ఎన్నాళ్ళు అమ్మాలో చూపే గీతలు ఉన్నాయట. 911 గీత ఆ ఏడుతో ఆగిపోయి ఉంటే, ఈయన మార్కరు తీసుకుని ఆ గీతను కాగితం దాటించి గోడ మీదికి లాగేశాడట. (గోడ మీద రాస్తే ఏమవుతుందో మన పత్రికవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.)

గీత సాగింది గానీ కాలం సాగనివ్వలేదు. 1990ల మొదట్లో అమ్మకాలు పడిపోయి కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. కొత్తగా వచ్చిన అధిపతి వెండెలిన్ వీడెకింగ్, టయోటాలో పనిచేసి వచ్చిన జపాన్ నిపుణులను పిలిపించి, ఫ్యాక్టరీలో వృథా ఎక్కడెక్కడ ఉందో వెతికించాడు. అప్పుడే ఒక నిర్ణయం తీసుకున్నారు. బాక్స్‌టర్ అనే చవక కారును, కొత్త 911ను కవలల్లా కలిపి తయారుచేయాలని. ముందుభాగం, తలుపులు, దీపాలు రెండింటికీ ఒకటే అయితే ఖర్చు తగ్గుతుంది. ఒకే తాను గుడ్డలో అక్కచెల్లెళ్ళిద్దరికీ గౌన్లు కుట్టించినట్టు.

బాక్స్‌టర్ 1996లో వచ్చింది. 1997లో వచ్చిన కొత్త 911కి లోపలి సంఖ్య 996. దానికి ముందుదాన్ని 993 అంటారు. కొత్తది పాతదానికన్నా సుమారు 18 సెంటీమీటర్లు పొడుగు. ఇంజను చిన్నది, 3.6 లీటర్ల బదులు 3.4. శక్తి మాత్రం 285 నుంచి 300 హార్స్‌పవర్‌కు పెరిగింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, 911 ఇంజనులోకి నీళ్ళు రావడం.

ఇది ఫ్యాషను కోసం చేసింది కాదు. గాలి బాగా పీల్చుకోవాలంటే ఒక్కో సిలిండరుకు రెండు కవాటాల బదులు నాలుగు పెట్టాలి. ఆ నాలుగూ, మధ్యలో స్పార్క్ ప్లగ్గూ ఇరుక్కున్నచోట లోహం విపరీతంగా వేడెక్కుతుంది. బయటినుంచి గాలి ఎంత విసిరినా అక్కడికి చేరదు, నీళ్ళయితే సందుల్లోకి పోతాయి. పొగ మీద చట్టాలు ఏటేటా బిగుసుకుంటున్నాయి. చప్పుడు మీద కూడా హద్దులు వచ్చాయి. సిలిండరు చుట్టూ నీళ్ళుంటే అవి కొంత చప్పుడు మింగేస్తాయి.

అభిమానులకు మండింది సరిగ్గా అక్కడే. చట్టానికి హాయి అనిపించిన ఆ మౌనం వాళ్ళకు కారు ప్రాణం పోయినట్టే అనిపించింది. గాలి ఇంజనుతోనే 911 అయిపోయింది, తర్వాతది పేరు మోస్తున్న ఇంకో కారు అన్నారు. ఇంకోవైపు, నడిపి చూసిన పత్రికలవాళ్ళలో చాలామంది మెచ్చుకున్నారు. వేగం పెరిగింది, మలుపుల్లో భయం తగ్గింది, లోపల కాళ్ళు చాపుకునే చోటు వచ్చింది అన్నారు. రోజూ ఆఫీసుకు వెళ్ళేవాడికి ఇదే మేలు. వారానికోసారి తుడిచి ముద్దుపెట్టుకునేవాడికి అదే మేలు.

దీపాల సంగతి వేరు. హెడ్‌లైటు, పక్కకు తిరిగే సైగ దీపం అన్నీ ఒకే గాజు కింద పెట్టేసరికి ఆకారం కిందికి కారింది. పెనం మీద పచ్చసొన పగిలి పక్కకు జారినట్టుందని దానికి 'వేయించిన గుడ్డు' అని పేరు పెట్టేశారు. పైగా చవక చెల్లెలికీ అవే కళ్ళు! అంత డబ్బు పోసి 911 కొన్నవాడికి, వెనకనుంచి వచ్చేది బాక్స్‌టరో తన కారో అద్దంలో తెలియకపోతే ఒళ్ళు మండదా? లోపల ప్లాస్టిక్ కూడా నాసిగా ఉందన్నారు. వరసగా వేరువేరుగా ఉండే ఐదు మీటర్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి.

తర్వాత ఇంకో గొడవ బయటపడింది. ఇంజను లోపల కవాటాలను నడిపే గొలుసులకు ఊపునిచ్చే మధ్య ఇరుసు ఒకటుంది. కొన్ని కార్లలో దాని చివరి బేరింగు అరిగి పగిలేది. అది పగిలితే లెక్క తప్పి, పిస్టన్లు కవాటాలను గుద్దుకుని ఇంజను మొత్తం పోతుంది. అన్నిటికీ అలా కాలేదు. కానీ వద్దన్నవాళ్ళకు ఇది చాలు కదా, "చెప్పామా లేదా" అన్నారు.

తెలుగు శాఖ గోడ మీద ఈ కారు గోల ఏమిటని మీలో ఎవరైనా అడుగుతారని తెలుసు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషలో రాద్దామంటే, అలా రాస్తే అది తెలుగే కాదన్నవాళ్ళున్నారు. ఆ పాఠం చదివినప్పుడు నేను ఎదుటిపక్షాన్ని మొండివాళ్ళనుకున్నాను. ఈ కారు కథ చదివాక అంత తేలిగ్గా అనలేకపోతున్నాను. గాలి ఇంజను కావాలన్నవాళ్ళకు చట్టాలూ లెక్కలూ తెలియక కాదు. ఇష్టమైన చప్పుడు ఇక వినబడదని బాధ. ఆ బాధను లెక్కలు చూపించి తీర్చలేం. నీళ్ళ విషయంలో కంపెనీకి వేరే దారి లేదని నా అభిప్రాయం. దీపాల విషయంలో మాత్రం అభిమానులదే న్యాయం. అది అవసరంకొద్దీ చేసిన మార్పు కాదు, పొదుపు కొద్దీ చేసింది.

కంపెనీ కూడా అలాగే ఒప్పుకున్నట్టుంది. 2000లో వచ్చిన టర్బో రకానికి వేరే దీపాలు పెట్టింది, రెండేళ్ళలో మామూలు రకానికీ అవే ఇచ్చింది. 2004లో వచ్చిన తర్వాతి తరం, 997, గుండ్రటి కళ్ళతోనే దిగింది. ఇంజనులో నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. కంటికి కావలసింది తిరిగి ఇవ్వగలిగారు, చెవికి కావలసింది ఇవ్వలేకపోయారు. ఒక తమాషా ఉంది. వేయించిన గుడ్డు అని వెక్కిరించిన ఆ తరంలోనే టర్బో, జీటీ3 అనే రకాల ఇంజన్ల అడుగుభాగం పాత గాలి ఇంజను వంశంలోదే. ఆ రెండింటినీ ఎవరూ పెద్దగా తిట్టరు.

ఇన్ని తిట్లు తిన్న 996 సుమారు 1,75,000 అమ్ముడుపోయింది. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్న 993 సుమారు 68,000. అంత అమ్మకం లేకపోతే, ఈ రోజు 911 గురించి దెబ్బలాడుకోవడానికి 911 ఉండేదో లేదో. అయినా పాతకార్ల బజారులో గాలి ఇంజనువాటి ధర ఆకాశానికెక్కితే, 996 చాలాకాలం అన్ని 911లలోకీ చవకగా పడి ఉంది. ఈ మధ్య దాన్నీ వెతికి కొనేవాళ్ళు తయారయ్యారు. చిన్నప్పుడు గోడ మీద అతికించుకున్న బొమ్మ ఆ జారిన కళ్ళదే అయినవాళ్ళు.

2024లో 911లో మొదటిసారి రోడ్డు మీదికి హైబ్రిడ్ వచ్చింది, పెట్రోలు ఇంజనుకు తోడు కరెంటు మోటారు. తాళంచెవిలా తిప్పి స్టార్ట్ చేసే పిడి పోయి బటన్ వచ్చింది. ముల్లు తిరిగే మీటరు పోయి తెర వచ్చింది. ఇది 911 కాదు అనే మాట మళ్ళీ మొదలైంది. మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "దీపాలు గుండ్రంగా ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయిరా అన్నాను.

"అయితే సరే" అన్నాడు.